కనిపించని గడి: పహాణీ నుంచి పోర్టల్ దాకా

 

ఈరోజు టాపిక్ వినగానే ఇది చరిత్ర ఎపిసోడా, టెక్ ఎపిసోడా అని మీకు డౌట్ రావచ్చు. రెండూ అనుకోండి. ప్రశ్న ఇది. ఒక ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో మీరు వాడలేని ఆప్షన్ ఒకటి ఉంది. దాన్ని మీకు కనిపించకుండా దాచెయ్యాలా? లేకపోతే కనిపించేలానే పెట్టి, ‘ఇది మీకు ఇప్పుడు పనిచేయదు, కారణం ఇది’ అని చెప్పాలా?

చిన్న విషయంలా ఉంది కదా. మనందరికీ అనుభవమే. మీ దోస్తు ఫోన్‌లో ఒక యాప్‌లో ఒక బటన్ ఉంటుంది. అదే యాప్ మీ ఫోన్‌లో తెరిస్తే ఆ బటన్ ఉండదు. అప్‌డేట్ చేస్తారు, తీసేసి మళ్ళీ వేస్తారు, ఫోన్ ఆపి ఆన్ చేస్తారు. అరగంట పోతుంది. ‘ఈ ఫీచర్ మీ అకౌంట్‌కు ఇంకా ఇవ్వలేదు’ అన్న ఒక్క ముక్క అక్కడ రాసి ఉంటే ఆ అరగంట మిగిలేది.

యాప్‌లో అయితే పోయేది అరగంటే. మన నల్లగొండలో, పాలమూరులో ఇదే సమస్య ఎకరాల లెక్కన వచ్చింది. అది అర్థం కావాలంటే కంప్యూటర్ల కంటే చాలా ముందుకు, పట్వారీ దస్త్రాల మూట దగ్గరికి వెళ్ళాలి.

నిజాం రాజ్యంలో ఊరికి ముగ్గురు అధికారులు. శిస్తు వసూలుకు మాలీ పటేల్, శాంతిభద్రతలకు పోలీస్ పటేల్, లెక్కలకు పట్వారీ. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, ఏ పంట, ఎంత శిస్తు, ఇవన్నీ పట్వారీ దగ్గర ఉండేవి. సర్కారు భాష మొదట పారసీ, 1880ల నుంచి ఉర్దూ. దున్నేవాళ్ళలో ఎక్కువమందికి ఆ భాష రాదు. చాలామందికి ఏ భాషలోనూ చదవడం రాదు. మనం ఇవాళ్టికీ వాడే పట్టా, పహాణీ, కాస్తు, విరాసత్, ఫౌతీ, సాదాబైనామా అన్న మాటలన్నీ ఆ దఫ్తర్లలోంచి మన నోటికి వచ్చినవే. మాటలు రైతు నోటికి వచ్చాయి గానీ కాగితం రైతు కంటికి రాలేదు. ఇప్పటి భాషలో చెప్తే, ఊరు మొత్తానికి అడ్మిన్ లాగిన్ ఒక్కటే. అది పట్వారీది. మిగతావాళ్ళకు స్క్రీనే లేదు.

అప్పుడు ఏమయ్యేదో చాకలి ఐలమ్మ కథ చెప్తుంది. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఆ రోజుల్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోదే. ఐలమ్మ కౌలుకు తీసుకుని సాగు చేస్తున్న భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్నేశాడు. పండిన పంటను ఎత్తుకుపోవడానికి మనుషుల్ని పంపాడు. సంఘం వాళ్ళు అడ్డం నిలబడి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చారు. ఈ కథలో మనం ధైర్యాన్ని గుర్తుపెట్టుకుంటాం. గుర్తుపెట్టుకోవాల్సిందే. దానితోపాటు ఇంకో విషయం కూడా చూడండి. దున్నుతున్నది ఎవరో ఊరందరికీ తెలుసు. ఆ సంగతిని ఆమె తరఫున చెప్పే కాగితం మాత్రం ఆమె చేతిలో లేదు. అందుకే ఆ పంటను మనుషులు అడ్డం నిలబడి కాపాడాల్సి వచ్చింది. సాయుధ పోరాటంలో ఊరూరా అప్పు పత్రాలు, దొరల దస్తావేజులు తగలబెట్టడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. తనకు చదవడానికి దొరకని రికార్డు, రైతు కంటికి రికార్డులా కనిపించదు. ఆయుధంలా కనిపిస్తుంది.

1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన పోయింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చి ‘రక్షిత కౌలుదారు’ అన్న హోదాను ఇచ్చింది. ఆ చట్టంలోని 38-ఈ సెక్షన్ కింద కౌలుదారు యజమాని కూడా కావచ్చు. ఇక 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. తెలంగాణలో భూమి గొడవ ఏది కోర్టుకు వెళ్ళినా, వకీలు ముందుగా అడిగే కాగితాల్లో ఇది ఒకటి.

పహాణీలో నన్ను ఎప్పుడూ ఆపేది ఒకే విషయం. పట్టాదారు పేరుకు ఒక గడి ఉంటుంది. అనుభవదారు పేరుకు, అంటే నిజంగా కాస్తు చేస్తున్న మనిషి పేరుకు, ఇంకో గడి ఉంటుంది. భూమి ఎవరిది, భూమ్మీద ఎవరున్నారు, ఈ రెండు ప్రశ్నలకు రెండు జవాబులు ఉండొచ్చని ఆ కాగితం ఒప్పుకుంటుంది. పట్వారీ అందులో తప్పు పేరు రాయొచ్చు. లంచం తీసుకుని మార్చొచ్చు. అసలు ఏమీ రాయకుండా వదిలెయ్యొచ్చు. అయినా ఆ గడి అక్కడ ఉంటుంది. గడి ఉంటే దాని ఖాళీ కూడా మాట్లాడుతుంది. ‘పట్వారీ సాబ్, ఈడ నా పేరెందుకు లేదు?’ అని అడగడానికి ఒక చోటు ఉంటుంది.

గడే లేకపోతే? అడగాల్సింది ఏమిటో కూడా తెలియదు.

ఇంకో సంగతి. మన దగ్గర భూమి చేతులు మారడం ఎక్కువగా నమ్మకం మీదే జరిగింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు దూరం, ఖర్చు ఎక్కువ. తెల్లకాగితం మీద రాసుకుని, నలుగురు పెద్దమనుషులతో వేలిముద్రలు వేయించుకుని, డబ్బులిచ్చి దున్నుకునేవాళ్ళు. అదే సాదాబైనామా. మా తాతల తరంలో అలాంటి కాగితాలను రేకు డబ్బాలో పెట్టి అటక మీద దాచేవాళ్ళు. 1971 నాటి పట్టాదారు పాస్‌బుక్కుల చట్టం, 5-ఏ సెక్షన్ ద్వారా ఈ తెల్లకాగితాలను సక్రమం చేసుకునే దారి కూడా ఇచ్చింది. ఆ దారి అందరికీ దొరకలేదు. కానీ దారి ఉందని పుస్తకంలో ఉంది.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను తీసేసింది. తర్వాత వీఏఓలు, వీఆర్వోలు వచ్చారు. కంప్యూటర్లు వచ్చాయి. ‘మా భూమి’ సైట్‌లో పహాణీ, 1-బీ ఇంట్లో కూర్చునే చూసుకునే రోజులు వచ్చాయి. మొదటిసారి పట్వారీ మూట అందరి ముందూ విప్పినట్టయింది.

2017 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టింది. గొడవ లేని భూములు పార్ట్-ఏ, గొడవ ఉన్నవి పార్ట్-బీ అన్నారు. 2020లో కొత్త చట్టం వచ్చింది, వీఆర్వోల వ్యవస్థ పోయింది. ఆ సంవత్సరం అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు.

మంచి సంగతి ముందు చెప్పాలి. తహసీల్దార్ ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, అదే రోజు మ్యుటేషన్. అంతకుముందు మ్యుటేషన్ కోసం చెప్పులరిగేలా తిరిగినవాళ్ళకు అది నిజంగా పెద్ద మార్పు. పేపర్లు సక్రమంగా ఉన్న మనిషికి పని తొందరగా అయింది.

పేపర్లు సక్రమంగా లేని మనిషి సంగతి వేరు. ధరణిలో అనుభవదారు గడి లేదు. సాదాబైనామాకు దారి లేదు. విస్తీర్ణం తప్పు పడ్డా, పేరు తప్పు పడ్డా సరిచేసుకోవడానికి మొదట్లో సరైన ఆప్షన్ లేదు. పాస్‌బుక్కు తప్పుల సవరణకు టీఎం-33 అనే మాడ్యూల్ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఒక సర్వే నంబరులో కొంత ముక్క ప్రభుత్వానిదైతే, నంబరు మొత్తం నిషేధిత జాబితాలో పడిన ఊళ్ళు ఉన్నాయి. పాత చట్టంలో తహసీల్దార్ తప్పు చేస్తే ఆర్డీఓ దగ్గరికి అప్పీలుకు వెళ్ళేవాళ్ళు. కొత్త చట్టంలో ఆ మెట్టు పోయింది, సివిల్ కోర్టుకు వెళ్ళమన్నారు.

ఇప్పుడు పాలమూరు రైతు ఒకాయనను ఊహించుకోండి. ప్రక్షాళన జరిగిన నెలల్లో ఆయన ముంబయిలోనో పుణెలోనో కూలికి వెళ్ళాడు. తిరిగొచ్చి మీసేవకు వెళ్తే తన రెండెకరాలు ఎకరన్నరగా కనిపిస్తున్నాయి. ‘ఇది సరిచెయ్యాలి బిడ్డా’ అంటాడు. ‘పెద్దాయనా, ఆప్షన్ లేదు’ అంటాడు ఆపరేటర్. ఆ ఆపరేటర్ అబద్ధం చెప్పట్లేదు. స్క్రీన్ మీద నిజంగానే లేదు. కానీ ‘ఆప్షన్ లేదు’ అన్న ఆ రెండు ముక్కలకు ఎన్ని అర్థాలున్నాయో చూడండి. చట్టంలోనే లేదా? చట్టంలో ఉంది కానీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా పెట్టలేదా? పెట్టారు కానీ తహసీల్దార్ లాగిన్‌లోనో కలెక్టర్ లాగిన్‌లోనో మాత్రమే ఉందా? ఉంది కానీ కోర్టు స్టే వల్ల ఆగిందా?

నాలుగింటికీ వెళ్ళాల్సిన తలుపు వేరు. మొదటిదైతే ఎమ్మెల్యే దగ్గరికి. రెండోదైతే కొన్నాళ్ళు ఆగాలి. మూడోదైతే కలెక్టరేట్‌లో ప్రజావాణికి. నాలుగోదైతే వకీలు దగ్గరికి. స్క్రీన్ మాత్రం నాలుగింటికీ ఒకే జవాబు ఇచ్చింది: ఖాళీ. లేనిదీ, దాచిందీ స్క్రీన్ మీద ఒకేలా ఉంటాయి. నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పదలుచుకున్నది ఇదే.

సాదాబైనామాల సంగతే తీసుకోండి. 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 దాకా దరఖాస్తులు తీసుకున్నారు. రాష్ట్రమంతా కలిపి దాదాపు 9 లక్షలు వచ్చాయి. ఆ మధ్యలోనే అక్టోబర్ 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చి పాత చట్టం రద్దయింది. విషయం హైకోర్టుకు వెళ్ళి ఆగిపోయింది. దరఖాస్తు పెట్టిన రైతుకు ఈ కథ ఎవరు చెప్పాలి? ఏళ్ళ తరబడి ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళలో, తమ కాగితం ఏ మెట్టు మీద ఆగిందో తెలిసినవాళ్ళు ఎంతమంది? ‘మీ దరఖాస్తు అందింది, కోర్టు ఉత్తర్వు వల్ల ఆగింది’ అని రెండు లైన్లు కనిపిస్తే భూమి రాకపోవచ్చు. కనీసం బస్సు కిరాయి, కూలి రోజులు మిగిలేవి. దళారీ చేతిలో పెట్టిన పైసలు మిగిలేవి.

గడి లేకపోవడం వల్ల పోయింది తిరుగుడు ఒక్కటే కాదు. 2018 మే నుంచి రైతుబంధు వచ్చింది. ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000 రూపాయలు. ఆ ఆగస్టు 15 నుంచి రైతుబీమా, రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. రెండూ పాస్‌బుక్కు ఉన్న పట్టాదారుకే. భూమిని కౌలుకు దున్నే రైతు పెట్టుబడి అప్పుతో చనిపోతే, ఆ ఇంటికి బీమా లేదు. ఎందుకంటే ఆ మనిషి రైతు అని చెప్పే గడి ఎక్కడా లేదు. విచిత్రం ఏంటంటే, కౌలుదారులకు రుణ అర్హత కార్డులివ్వాలని 2011లో చేసిన చట్టం ఒకటుంది. తెలంగాణ దాన్ని రద్దు చేయలేదు. కార్డులివ్వడం మాత్రం దాదాపు ఆగిపోయింది. చట్టం ఉంది, బటన్ లేదు.

ఇప్పుడు కాసేపు కంప్యూటర్ల వైపు వెళ్దాం. దాచాలా, చూపాలా అన్న గొడవ అక్కడ కూడా పాతదే. 1984లో యాపిల్ మాకింటాష్ వచ్చినప్పుడు, మెనూలో ఆ క్షణానికి పనిచేయని మాటలను తీసెయ్యలేదు, మసక రంగులో ఉంచారు. ఆ మసక అక్షరం ఒక సమాచారం ఇస్తుంది: ఈ పని ఇక్కడ ఉంది, ఇప్పుడు కుదరదు. తర్వాత మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో ఇంకో ప్రయోగం చేసింది. మీరు తక్కువగా వాడే కమాండ్లను మెనూలోంచి దాచేసింది. స్క్రీన్ శుభ్రంగా కనిపించింది. నిన్న ఉన్నది ఇవాళ ఏమైందని జనం వెతుక్కున్నారు. ఆఫీస్ 2007 నాటికి వర్డ్, ఎక్సెల్ లాంటివాటిలో ఆ మెనూలే పోయి రిబ్బన్ వచ్చింది. 2008లో జోయెల్ స్పోల్‌స్కీ అనే ప్రోగ్రామర్ ఇంకో అడుగు ముందుకేశాడు. దాచొద్దు, మసక కూడా చెయ్యొద్దు, నొక్కనివ్వండి, నొక్కితే ఎందుకు కుదరదో చెప్పండి అన్నాడు.

మరి దాచాలి అనేవాళ్ళ మాటలో న్యాయం లేదా? ఉంది. దాన్ని సరిగ్గానే వినాలి.

మొదటిది, రక్షణ. గిట్‌హబ్‌లో వేరేవాళ్ళ ప్రైవేట్ రిపోజిటరీ లింక్ మీరు తెరిస్తే ‘మీకు అనుమతి లేదు’ అనదు, ‘అలాంటి పేజీ లేదు’ అంటుంది. ఎందుకంటే అలాంటిది ఉందని తెలియడమే ఒక రహస్యం బయటపడటం. ఇది సబబే. భూమి పోర్టల్‌లో కూడా పట్టాదారు ఆధార్ నంబరు, ఫోన్ నంబరు దాచాల్సిందే.

రెండోది, గందరగోళం. ధరణిలో పెరిగి పెరిగి 33 మాడ్యూళ్ళు అయ్యాయి. ఏది ఎంచుకోవాలో తెలియక తప్పు మాడ్యూల్‌లో దరఖాస్తు పెట్టి తిరస్కారం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అన్నీ ముందు పరిచెయ్యడమే మంచిదని నేను అనను. కొన్ని ఫోన్ యాప్‌లు మనకు రాని ప్రతి ఫీచర్‌కూ తాళం బొమ్మ వేసి, నొక్కితే డబ్బులు కట్టమంటాయి కదా. అది మనకు దారి చెప్పడం కాదు, అంగడి పెట్టడం.

మూడోది, అనుభవదారు గడి తీసేసినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ గడే లంచాలకు, గొడవలకు మూలం, ఎవరో ఒకరి పేరు రాయించి అసలు పట్టాదారును ఇబ్బంది పెడుతున్నారు అన్నారు. ఊళ్ళల్లో ఇలాంటివి జరిగాయి, కాదనలేం. కౌలుదారు పేరు రికార్డుకెక్కితే భూమి పోతుందన్న భయం చిన్న పట్టాదారుకు కూడా ఉంటుంది.

వీటికి నా జవాబు ఒకటే. దాస్తున్నది ఎవరి కోసమో చూడాలి. ఇంకొకరి రహస్యాన్ని కాపాడటానికి దాస్తే అది రక్షణ. మీ హక్కుకు సంబంధించిన విషయాన్ని మీ నుంచే దాస్తే దానికి ఆ పేరు చెల్లదు. గడిలో తప్పులు పడుతున్నాయంటే తప్పు రాసినవాణ్ణి పట్టుకోవాలి, సవరణకు దారి పెట్టాలి. గడి తీసేస్తే గొడవ ఆగదు. గొడవ రికార్డులోంచి పోయి గట్టు మీదికి వస్తుంది.

ఆన్‌లైన్ రికార్డులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. కాగితం పహాణీలో పేరు కొట్టేస్తే కొట్టివేత కనిపిస్తుంది. సిరా రంగు తేడా కనిపిస్తుంది. పేజీ చింపితే చిరుగు కనిపిస్తుంది. సర్వర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్‌లో రాత్రికి రాత్రి ఒక గడి తీసేస్తే, పొద్దునకల్లా అందరి ఫోన్లలోనూ అది ఎప్పుడూ లేనట్టే ఉంటుంది. చిరుగు కూడా మిగలదు. అందుకే పాత పహాణీ నకళ్ళు ఇంట్లో ఉంటే పారెయ్యకండి. ఫోటో తీసి పెట్టుకోండి, అసలు కాగితం కూడా భద్రంగా ఉంచండి.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పైలట్‌గా ముందు తీసుకున్న నాలుగు మండలాల్లో ఒకటి మన మద్దూరు. ఇప్పుడు నారాయణపేట జిల్లా, అంతకుముందు మహబూబ్‌నగర్. 33 మాడ్యూళ్ళను 6కు తగ్గించారు. ఆర్డీఓకు, కలెక్టర్‌కు అప్పీలు చేసుకునే మెట్లు మళ్ళీ చట్టంలోకి వచ్చాయి. 2020లో వచ్చిన ఆ సాదాబైనామా దరఖాస్తులకు కూడా దారి పెట్టారు. ఊళ్ళకు వెళ్ళి రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు.

ఇది ఆ పార్టీ మంచిదా, ఈ పార్టీ మంచిదా అనే ముచ్చట కాదు. ప్రభుత్వాలు మారతాయి, పోర్టల్ పేర్లు మారతాయి. కొత్త పోర్టల్‌ను కూడా అదే కొలతతో కొలవాలి. 2020లో ఆ గడువు లోపల దరఖాస్తు పెట్టని రైతు ఇవాళ తెల్లకాగితం పట్టుకుని వస్తే స్క్రీన్ ఏమంటుంది? ఏమీ అనకుండా ఊరుకుంటే, మళ్ళీ పట్వారీ మూట ముందు నిలబడ్డట్టే. ‘ఈ చట్టం కింద ఆ గడువులో వచ్చినవాటికే అవకాశం, మీది దాని పరిధిలోకి రాదు, మీరు వెళ్ళాల్సిన చోటు ఇది’ అని తేట తెలుగులో చెప్తే, కాదన్నా సరే, ఆ మనిషిని మనిషిగా చూసినట్టు.

ఈ వీడియో చూస్తున్నవాళ్ళలో మిర్యాలగూడ, దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట నుంచి వెళ్ళి మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో కోడ్ రాస్తున్నవాళ్ళు ఉంటారు. ఒక యూజర్‌కు అనుమతి లేనప్పుడు బటన్ దాచెయ్యడం ఒక్క లైను పని అని మీకు తెలుసు. కారణం రాసి చూపించడం అంతకంటే ఎక్కువ పని, ఎందుకంటే ఆ కారణం ముందు మీకు తెలియాలి. మీ మేనేజర్‌ను అడగాలి. ఒక్కోసారి ఆయనకూ తెలియదని తేలుతుంది. ఆ బటన్ దాచేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని ఉందని ఈ మనిషికి తెలియాలా? ఇప్పుడు ఎందుకు కుదరదు? ఎవరి దగ్గరికి వెళ్తే కుదురుతుంది? ఈ మూడింటికి జవాబు తెర మీద ఉంటే, మీసేవ కౌంటర్ ముందు నిలబడ్డ పెద్దాయనకు ‘ఆప్షన్ లేదు’ అన్న మాట వినాల్సిన గతి పట్టదు.

కోడ్ రాయనివాళ్ళకు ఇంకో చిన్న పని. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు మీ ఇంటి భూమి వివరాలు పోర్టల్‌లో తీసి, అటక మీది పాత పహాణీతో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉందా? కాగితం మీద ఉండి తెర మీద లేని గడి ఏది? అక్కడ ఎవరి పేరు ఉండేది? ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పేది కామెంట్లలో రాయండి, సర్వే నంబర్లు, పేర్లు మాత్రం రాయొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.